తెలుగువారి విదేశ వలస, స్థిరనివాసం

తెలుగు మాట్లాడే కుటుంబాలు కూలి, ఉద్యోగం, చదువు, వ్యాపారం, పెళ్లి వంటి కారణాలతో భారతదేశం దాటి వెళ్లి, అక్కడ కొంతకాలమో తరతరాలో నివసించడమే తెలుగువారి విదేశ వలస. 19వ శతాబ్దం తొలి సగంలో చెరకు తోటల ఒప్పంద కూలీలతో ఇది పెద్ద ఎత్తున మొదలైంది. బర్మా రేవులు, మలయా తోటలు, గల్ఫ్ నిర్మాణ పనులు, అమెరికా ఆసుపత్రులు, సాఫ్ట్‌వేర్ కంపెనీల మీదుగా నేటికీ సాగుతోంది. దాదాపు రెండు శతాబ్దాల ఈ చరిత్రలో ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది. ఎవరు బయలుదేరాలన్నది ఊళ్లోని కరువు, అప్పు, చదువు, చుట్టరికం తేల్చాయి. ఎవరు అక్కడే ఉండిపోగలరన్నది మాత్రం వెళ్లిన దేశపు చట్టం తేల్చింది. తిరిగి వస్తామనుకుని వెళ్లినవారు మారిషస్‌లో ఆరేడు తరాలుగా ఉన్నారు. ఇల్లూ వాకిలీ ఏర్పరచుకున్నవారు బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగొచ్చారు.

నిర్వచనం, పరిధి

వలసను సాధారణంగా రెండు భాగాలుగా చూస్తారు. మొదటిది ప్రయాణం: పాస్‌పోర్టు, వీసా, ఏజెంటు, అప్పు, టికెట్. రెండోది స్థిరపడటం: నివాస హక్కు, ఇల్లు, పని, భాష, పిల్లల బడి, చివరకు పౌరసత్వం. ఈ రెండింటికీ మధ్య ఏళ్ల తరబడి ఎడం ఉండవచ్చు. గల్ఫ్ దేశాల్లో ముప్పై ఏళ్లు పనిచేసినవారు కూడా చట్టం దృష్టిలో తాత్కాలిక కార్మికులే.

భారతీయ చట్టంలో విదేశాల్లో ఉండే భారత పౌరులను ప్రవాస భారతీయులు అంటారు. వాడుకలో ఎన్‌ఆర్‌ఐలు. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారు వేరే వర్గం. మారిషస్, దక్షిణాఫ్రికా, ఫిజీ తెలుగువారిలో అత్యధికులు పుట్టుకతోనే ఆయా దేశాల పౌరులు కనుక వారిని ప్రవాసులనడం సరికాదు. వారు తెలుగు సంతతివారు. హైదరాబాద్, చెన్నై, ముంబయి వంటి నగరాలకు సాగే దేశీయ వలస ఈ వ్యాసం పరిధిలోకి రాదు (చూడండి: పాలమూరు కూలీలు; భీవండి నేత వలస).

చరిత్ర

ఒప్పంద కూలీల కాలం

తూర్పు తీరపు తెలుగు వర్తకులు ఆగ్నేయాసియాతో పూర్వం నుంచీ ఓడ వ్యాపారం చేశారు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం విదేశీ వర్తకులకు భద్రత ప్రకటించింది. అయితే అది సరుకుల రాకపోకల చరిత్ర. సామాన్య కుటుంబాలు సముద్రం దాటడం బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయిన తరువాత మొదలైంది. 1833లో చట్టం వచ్చి, 1834 నుంచి అమలయ్యేసరికి చెరకు తోటలకు కూలీల కొరత ఏర్పడింది. ఆ లోటు పూడ్చడానికి తోటల యజమానులు భారతదేశం వైపు చూశారు.

మారిషస్‌కు తొలి ఒప్పంద కూలీలు 1834 నవంబరులో చేరారు. 1920 వరకు ఆ ద్వీపానికి వచ్చిన కూలీల సంఖ్య దాదాపు ఐదు లక్షలు. పోర్ట్ లూయీ రేవులో వారిని దించిన డిపో, ఆప్రవాసీ ఘాట్, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలమైంది. వీరిలో బిహారు ప్రాంతంవారిదే పెద్ద వాటా. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తమిళులు, తెలుగువారు వెళ్లారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కినందువల్ల తెలుగువారిని అక్కడ కోరంగీలు అని పిలిచేవారు. 1839 నవంబరు తుపానులో ఉప్పెన ఆ రేవును ముంచెత్తింది. తరువాతి కాలంలో కాకినాడ, భీమునిపట్నం, విశాఖపట్నం, కళింగపట్నం ప్రయాణికుల రేవులయ్యాయి.

నేటాల్ వలస రాజ్యానికి, అంటే ఇప్పటి దక్షిణాఫ్రికాలోని డర్బన్ ప్రాంతానికి, తొలి ఓడ ట్రూరో. మద్రాసులో బయలుదేరి 1860 నవంబరు 16న 342 మందితో అక్కడికి చేరింది. 1911లో కూలీల ఎగుమతి ఆగేనాటికి నేటాల్‌కు ఒక లక్షా 52 వేల మంది వెళ్లారు. ఫిజీకి 1879లోనే కలకత్తా నుంచి ఓడ వెళ్లినా, మద్రాసు రేవు నుంచి కూలీలను పంపడం 1903లో మొదలైంది. అందుకే అక్కడి దక్షిణాది కుటుంబాల చరిత్ర ఒక తరం చిన్నది.

ఒప్పందం సాధారణంగా ఐదేళ్లు. ఫిజీలో మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు కూలి. పని ఎగ్గొట్టడం నేరం, దానికి జైలు శిక్ష ఉండేది. ఐదేళ్లు పూర్తయితే సొంత ఖర్చుతో వెనక్కి రావచ్చు. పదేళ్లు ఉంటే తిరుగు ప్రయాణం ఉచితం. ఆ రెండో ఐదేళ్లే చాలామంది భవితవ్యాన్ని మార్చాయి. ఈలోగా పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, కౌలుకో కొనుగోలుకో కొంత నేల దొరికింది. ఇక తిరిగి రాలేదు. నూరుమంది మగవారికి కనీసం నలభై మంది స్త్రీలు ఉండాలన్న నిబంధన వల్లే తోటల్లో కుటుంబాలు ఏర్పడ్డాయి. తోటల యజమానులు వీరిని స్థిరనివాసులుగా భావించకపోయినా, ఒప్పందంలోని షరతులే స్థిరనివాసానికి దారి తీశాయి.

నేటాల్ ప్రభుత్వం 1895లో, ఒప్పందం ముగిసినా దేశంలో ఉండిపోయే కూలీపై ఏటా మూడు పౌండ్ల పన్ను వేసింది. ఉంటే పన్ను కట్టాలి, లేదా మళ్లీ ఒప్పందంలో చేరాలి, లేదా వెళ్లిపోవాలి. గాంధీ 1913లో నడిపిన సమ్మెకు ముఖ్య కారణాల్లో ఈ పన్ను ఒకటి. గోపాలకృష్ణ గోఖలే వంటి నాయకుల ఒత్తిడితో ఒప్పంద కూలీల రవాణా 1917లో ఆగింది. మిగిలిన ఒప్పందాలన్నీ 1920 నాటికి రద్దయ్యాయి.

బర్మా: రంగం వెళ్లినవారు

తెలుగువారి వలసల్లో అన్నిటికంటే విస్తారమైనదీ, నేడు అన్నిటికంటే తక్కువగా గుర్తున్నదీ బర్మా వలస. బ్రిటిష్‌వారు 1826, 1852, 1885 యుద్ధాలతో బర్మాను దశలవారీగా ఆక్రమించి భారతదేశంలో ఒక రాష్ట్రంగా కలిపారు. అది అదే ప్రభుత్వం కింద ఉన్న ప్రాంతం కనుక పాస్‌పోర్టు అక్కర్లేదు. కాకినాడ నుంచో కళింగపట్నం నుంచో ఆవిరి ఓడ ఎక్కితే కొద్ది రోజుల్లో రంగూన్. ఉత్తరాంధ్ర పల్లెల్లో దానిని రంగం అనేవారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల్లో వాన తప్పిన ఏడు, శిస్తు కట్టలేని ఏడు రంగం ప్రయాణాలు పెరిగేవి.

వెళ్లినవారిలో అత్యధికులు ఒంటరి మగవారు. రేవులో మూటలు మోయడం, ధాన్యం మిల్లులు, రిక్షా లాగడం, కోతల కాలపు పనులు వారి జీవనాధారం. కూలీలను మేస్త్రీలు సమకూర్చేవారు. మేస్త్రీ ఊళ్లోనే బయానా ఇచ్చి, ఓడ ఖర్చు పెట్టి, ఆ అప్పును కూలిలోంచి రాబట్టుకునేవాడు. పనికీ కూలికీ మధ్య రెండు మూడు అంచెల మేస్త్రీలు ఉండటంతో కూలీ చేతికి చేరేది తగ్గిపోయేది. ఒక్కో గదిలో కిక్కిరిసి బతుకుతూ, రెండు మూడేళ్లు పనిచేసి ఇంటికి వచ్చి, మళ్లీ వెళ్లేవారు. 1931 జనగణన నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా వారే.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంపు కోసం సమ్మె చేశారు. ఓడల సరుకు ఎక్కించి దించే స్టీవడోర్ కంపెనీలు బర్మీయులను పనిలోకి తీసుకున్నాయి. సమ్మె పరిష్కారమై తెలుగు కూలీలు తిరిగి రాగానే బర్మీయులను పంపేశారు. ఆ ఘర్షణ రోజుల తరబడి అల్లర్లుగా మారి, తెలుగు కూలీలు పెద్ద సంఖ్యలో ప్రాణాలు కోల్పోయారు. రెండు వర్గాల పేదల మధ్య జరిగిన ఈ రక్తపాతానికి మూలం కూలి తగ్గించుకోవాలన్న యజమానుల లెక్కలో ఉంది. 1937లో బర్మా భారతదేశం నుంచి వేరైంది. 1941లో వలసపై ఆంక్షల ఒప్పందం కుదిరింది. ఆ ఏడాది డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి.

తరువాతి నెలల్లో నాలుగు లక్షలకు పైగా భారతీయులు బర్మా విడిచారు. ఓడల్లో చోటు దొరకనివారు అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్‌కు, తమూ మీదుగా మణిపూర్‌కు, ఇంకా ఉత్తరాన హుకాంగ్ లోయ గుండా అస్సాంకు నడిచారు. కలరా, మలేరియా, ఆకలి దారి పొడవునా వేలమందిని బలిగొన్నాయి. యుద్ధం తరువాత కొందరు తిరిగి వెళ్లారు. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చి దుకాణాలు, వ్యాపారాలను జాతీయం చేయడంతో దాదాపు మూడు లక్షల మంది భారతీయులు మళ్లీ వెనుదిరిగారు. ఈ కాందిశీకులకు పునరావాసంగా ఏర్పడిన బస్తీలే విశాఖపట్నంలోని బర్మా క్యాంపు, ఇతర పట్టణాల్లోని బర్మా కాలనీలు.

మలయా

మలయా రబ్బరు, కొబ్బరి తోటలకు కూలీలను చేర్చిన పద్ధతి కంగాణీ పద్ధతి. కంగాణీ, అంటే తోటలోనే పనిచేసే పెద్ద కూలీ, తన ఊరికి వచ్చి బంధువులను, కులంవారిని వెంటబెట్టుకెళ్లేవాడు. అందువల్ల ఒకే పల్లెవాళ్లు ఒకే తోటలో చేరేవారు, భాష ఎక్కువ కాలం నిలిచింది. పేరాక్ రాష్ట్రంలోని బాగాన్ దాతో ప్రాంతపు కొబ్బరి తోటలు తెలుగు కుటుంబాలకు పేరుపొందాయి. 1938లో భారత ప్రభుత్వం కూలీలను పంపడం నిషేధించింది. జపాను ఆక్రమణ కాలంలో సయాం-బర్మా రైలు మార్గం పనికి తరలించిన తోట కూలీల్లో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. వేలమంది తిరిగి రాలేదు.

అమెరికా

20వ శతాబ్దపు తొలినాళ్లలో అమెరికా వెళ్లిన తెలుగువారు వేళ్ల మీద లెక్కించదగినవారు. కనిగిరి ప్రాంతానికి చెందిన దరిశి చెంచయ్య చదువుకోసం వెళ్లి గదర్ పార్టీలో చేరారు. యల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరి, జీవరసాయన పరిశోధనలో అగ్రగణ్యుడయ్యారు. అప్పటి చట్టం ఆసియావాసులకు తలుపులు మూసింది: 1917లో వలస నిషేధం, 1923లో భారతీయులకు పౌరసత్వం చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పు. 1946లో ఏడాదికి నూరుమంది భారతీయులను అనుమతించారు.

1965 చట్టం దేశాలవారీ పాత కోటాలను తొలగించి, వృత్తి నైపుణ్యానికీ కుటుంబ బంధానికీ ప్రాధాన్యం ఇచ్చింది. విశాఖపట్నం, గుంటూరు, హైదరాబాద్ వైద్య కళాశాలల పట్టభద్రులు, ఇంజనీర్లు ఆ దారిన వెళ్లారు. వారు చిన్న పట్టణాల ఆసుపత్రుల్లో సైతం పనిచేశారు. కొద్దికాలంలోనే గ్రీన్ కార్డు దొరికింది కనుక వెనుదిరిగి చూడవలసిన అవసరం రాలేదు. 1990 వలస చట్టం నిపుణ ఉద్యోగుల కోసం హెచ్-1బి అనే తాత్కాలిక వీసాను తెచ్చింది. 2000 సంవత్సరపు కంప్యూటర్ తేదీల సమస్య సమయంలో హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ కేంద్రాల నుంచి అమెరికా వరకు ఒక నిరంతర ప్రవాహం ఏర్పడింది. హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ 2009 నుంచి వీసాలు ఇస్తోంది. 2017 నాటి సర్వే గణాంకాల ప్రకారం అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 4 లక్షలకు పైగా. 2010తో పోలిస్తే 86 శాతం పెరుగుదల. ప్రధాన భాషల్లో ఇది అన్నిటికంటే వేగం.

గల్ఫ్

1973లో చమురు ధరలు పెరిగాక సౌదీ అరేబియా, యుఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ దేశాల్లో నిర్మాణ పనులు వెల్లువెత్తాయి. తెలంగాణలో పూర్వపు కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాలు, ఆంధ్రప్రదేశ్‌లో కడప, చిత్తూరు ప్రాంతాలు, గోదావరి జిల్లాలు ప్రధానంగా కార్మికులను పంపాయి. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అన్న మాట తెలంగాణ పల్లె బతుకును మూడు ముక్కల్లో చెబుతుంది. బోరు బావుల అప్పు, బీడీలు చుట్టే ఇంటి ఆదాయం, ఊళ్లో ముందే వెళ్లినవాడు కట్టిన ఇల్లు — ఈ మూడూ కలిసి కుర్రవాణ్ణి ఏజెంటు దగ్గరికి నడిపించాయి. కడప, రాజంపేట, కోనసీమ ప్రాంతాల నుంచి స్త్రీలు ఇంటి పనులకు కువైట్ వెళ్లడం మరో ముఖ్య పాయ.

గల్ఫ్‌లో కార్మికుడి ఉనికి కఫాలా పద్ధతిపై నడుస్తుంది. కఫీల్, అంటే పూచీ ఉన్న యజమాని, నివాస పత్రమైన అఖామాను చేయిస్తాడు. అఖామా గడువు ముగిసినా, యజమాని పని మానేశాడని ఫిర్యాదు చేసినా కార్మికుడు అక్రమ నివాసి అవుతాడు. కాగితాలు లేకుండా మిగిలినవారిని అక్కడి తెలుగు కార్మికులు ఖల్లివల్లి అంటారు. పేరుకు ఒక యజమాని ఉండి, పని తానే వెతుక్కునే ఆజాద్ వీసా చట్టబద్ధమైనది కాదు. అయినా లక్షల రూపాయలకు అమ్ముడవుతుంది. పట్టుబడితే జైలు, లేదా ఆయా ప్రభుత్వాలు అప్పుడప్పుడు ప్రకటించే క్షమాభిక్ష కోసం ఎదురుచూపు. సౌదీ 2011లో తెచ్చిన నితాకత్ విధానం స్థానికులకు ఉద్యోగాల్లో వాటా నిర్ణయించడంతో అనేకులు తిరిగొచ్చారు. ఖతార్ 2020లో, పని మారడానికి పాత యజమాని అనుమతి పత్రం అక్కర్లేదని ప్రకటించి, 2021లో నెలకు వెయ్యి రియాళ్ల కనీస వేతనం అమలు చేసింది. పౌరసత్వం మాత్రం గల్ఫ్ కార్మికులకు దాదాపు అందనిదే.

వలస రకాలు

నేటి వలసను కార్మిక వలస, విద్యార్థి వలస, నిపుణుల వలస, కుటుంబ వలస అని వర్గీకరిస్తారు. ఆచరణలో ఇవి ఒకదానిలోకి ఒకటి మారతాయి. విద్యార్థిగా వెళ్లినవారు ఉద్యోగి, ఉద్యోగి భార్య లేదా భర్త ఆధారిత వీసాదారు, కొన్నేళ్లకు వారి తల్లిదండ్రులు సందర్శకులు అవుతారు. కెనడా 2015లో మొదలుపెట్టిన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ, ఆస్ట్రేలియా నైపుణ్య వీసాలు వయసు, చదువు, అనుభవం, ఆంగ్ల పరిజ్ఞానానికి పాయింట్లు ఇస్తాయి. ఆస్ట్రేలియాలో తెలుగు-ఆంగ్ల సామాజిక అనువాద పరీక్షలో నెగ్గితే అయిదు పాయింట్లు అదనం. మాతృభాష వలస పత్రాల్లో నేరుగా ఉపయోగపడే అరుదైన సందర్భమిది. బ్రిటన్‌లో 2021లో పట్టభద్రులకు రెండేళ్ల ఉద్యోగ వీసా అమలులోకి వచ్చింది.

ప్రక్రియ

బయలుదేరే ముందు

1983 వలస చట్టం ప్రకారం పదో తరగతి పాసు కాని కార్మికులు గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. ఈమైగ్రేట్ అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదు జరుగుతుంది. గుర్తింపు పొందిన ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్‌టీ. ప్రవాసీ భారతీయ బీమా యోజన 275 లేదా 375 రూపాయల ప్రీమియానికి రెండు, మూడేళ్లపాటు 10 లక్షల రూపాయల ప్రమాద బీమా ఇస్తుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఉన్న రక్షణను, విజిట్ వీసాపై పనికి వెళ్లినవారు పూర్తిగా కోల్పోతారు. ఈ విషయం బయలుదేరే కుటుంబాలకు చాలాసార్లు ఎవరూ చెప్పరు.

ఇంటి పనికి వెళ్లే స్త్రీలకు కనీస వయసు 30 ఏళ్లు. 2016 నుంచి వారిని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నిబంధన ఉంది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ఈ పని చేస్తాయి. ప్రవాసాంధ్రుల వ్యవహారాలు ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ చూస్తుంది.

విద్యార్థి మార్గం వేరు. అమెరికా విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం, బ్యాంకులో చూపే నిధులు, ఎఫ్-1 వీసా ఇంటర్వ్యూ దీనిలో మెట్లు. విద్యా రుణానికి ఇల్లో పొలమో తాకట్టు పెట్టడం సాధారణం. ఇంటర్వ్యూకు ముందు చిలుకూరు బాలాజీ ఆలయంలో ప్రదక్షిణలు చేయడం హైదరాబాద్ ప్రాంతంలో ఆనవాయితీ అయింది.

తొలి నెలలు

అమెరికా చేరిన విద్యార్థి మొదట ఆధారపడేది ముందే వెళ్లిన తెలుగు విద్యార్థుల మీద. విమానాశ్రయం నుంచి తీసుకెళ్లడం, నలుగురైదుగురు కలిసి అపార్టుమెంటు పంచుకోవడం, వంతులవారీగా వంట చేయడం చాలా విశ్వవిద్యాలయ పట్టణాల్లో స్థిరపడిన పద్ధతి. తరువాత బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు, పని దొరికితే సోషల్ సెక్యూరిటీ నంబరు. అప్పు తీర్చిన చరిత్ర లేనివారికి అద్దె ఇల్లు, కారు రుణం దొరకడం కష్టం. భారతదేశంలో ఎంత ఆస్తి ఉన్నా అక్కడి క్రెడిట్ రికార్డులో అది కనిపించదు. ఎఫ్-1 విద్యార్థి తరగతులు జరిగేటప్పుడు వారానికి 20 గంటలకు మించకుండా, అదీ క్యాంపస్‌లోనే పనిచేయవచ్చు. ఫీజు అప్పు ఒత్తిడితో బయట పనిచేసి పట్టుబడినవారు వీసా హోదా కోల్పోయిన సందర్భాలున్నాయి.

డిగ్రీ తరువాత ఏడాదిపాటు ఓపీటీ అనే అనుమతి కింద ఉద్యోగం చేయవచ్చు. శాస్త్ర, సాంకేతిక విభాగాలవారికి మరో 24 నెలలు. ఆలోపు హెచ్-1బి లాటరీలో పేరు రావాలి. ఏటా 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి మరో 20,000. కొందరు కన్సల్టెన్సీ కంపెనీల్లో చేరి, ప్రాజెక్టు దొరికేవరకు బెంచ్ మీద ఉంటారు. ఆ కాలానికీ జీతం ఇవ్వాలని హెచ్-1బి నిబంధన. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల చెల్లింపు విధిస్తూ అమెరికా అధ్యక్షుడు ప్రకటన జారీ చేశారు.

గల్ఫ్ కార్మికుడి తొలి నెలలు లేబర్ క్యాంపులో మొదలవుతాయి. పాస్‌పోర్టును యజమాని తన దగ్గర ఉంచుకోవడం చాలా గల్ఫ్ దేశాల్లో చట్టవిరుద్ధమైనా ఇంకా కనిపిస్తుంది. మొదటి ఏడాది, ఏడాదిన్నర జీతం ఊళ్లోని వడ్డీకే పోతుంది.

శాశ్వత నివాసం, పౌరసత్వం

ఉద్యోగ ఆధారంగా అమెరికా ఏటా ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదు. జనాభాతో సంబంధం లేని ఈ పరిమితి వల్ల భారతీయ దరఖాస్తుదారులు దశాబ్దాలు వేచి ఉంటున్నారు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో మరొకటి వెతుక్కోవాలి. చిన్నప్పుడు తల్లిదండ్రులతో వెళ్లిన పిల్లలకు 21 ఏళ్లు నిండితే ఆధారిత హోదా పోతుంది. ఇల్లు కొని, పన్నులు కడుతూ, పిల్లలను అక్కడి బడిలో చదివిస్తున్న కుటుంబం కూడా చట్టం దృష్టిలో ఇంకా తాత్కాలికమే. 1970ల వైద్యులకూ నేటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకూ చదువులో, కష్టంలో తేడా లేదు. తేడా వరుస పొడవులో ఉంది.

గ్రీన్ కార్డు వచ్చిన ఐదేళ్లకు అమెరికాలోనూ, గడిచిన ఐదేళ్లలో 1,095 రోజులు దేశంలో ఉన్న శాశ్వత నివాసికి కెనడాలోనూ పౌరసత్వానికి అర్హత ఉంటుంది. భారత రాజ్యాంగం ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించదు. విదేశీ పౌరసత్వం స్వీకరించినవారు భారత పాస్‌పోర్టును అప్పగించాలి. వారికి 2005 నుంచి ఓసీఐ కార్డు అందుబాటులో ఉంది. దానితో వీసా లేకుండా రావచ్చు, ఎంతకాలమైనా ఉండవచ్చు. ఓటు హక్కు లేదు, వ్యవసాయ భూమి కొనలేరు. వారసత్వంగా వచ్చిన పొలాన్ని ఉంచుకోవచ్చు. పొలంతో అనుబంధం గల తెలుగు కుటుంబాలకు ఈ నిబంధన చిన్నది కాదు (చూడండి: విదేశీ మారక నిర్వహణ చట్టం, ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలు).

భాష, ఆచారాలు, సంఘాలు

పాత వలస దేశాల్లో తెలుగు ఇంటి భాషగా చాలావరకు తగ్గింది. మారిషస్‌లో క్రియోల్, దక్షిణాఫ్రికాలో ఆంగ్లం, ఫిజీలో హిందీ ఆ స్థానాన్ని తీసుకున్నాయి. మాట జారినా పండుగ నిలిచింది. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. రామభజనం, అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న పూజ నేటికీ సాగుతున్నాయి. అవి ఉత్తరాంధ్ర మూలాలకు స్పష్టమైన ఆనవాళ్లు. అప్పలస్వామి, సన్యాసి వంటి పూర్వుల పేర్లు వలస కార్యాలయపు రికార్డుల్లో రాసిన రూపంలోనే మారిషస్‌లోనూ దక్షిణాఫ్రికాలోనూ ఇంటిపేర్లుగా మిగిలాయి. మారిషస్ ప్రభుత్వ పాఠశాలల్లోనూ మహాత్మా గాంధీ సంస్థలోనూ తెలుగు బోధిస్తారు.

దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ 1931లో ఏర్పడింది. ఫిజీ, మారిషస్, మలేసియాల్లోనూ ఇటువంటి సంఘాలున్నాయి. తొలి ప్రపంచ తెలుగు మహాసభలు 1975లో హైదరాబాద్‌లో జరగగా, రెండోవి 1981లో కౌలాలంపూర్‌లో, మూడోవి 1990లో మారిషస్‌లో నిర్వహించారు. అమెరికాలో తానా అనే తెలుగు సంఘం 1977 నుంచి మహాసభలు జరుపుతోంది. తరువాత ఆటా, నాట్స్ వంటివి వచ్చాయి. ఇన్ని సంఘాలు ఏర్పడటంలో ప్రాంతం, కులం పాత్ర ఉందన్నది ప్రవాసుల్లోనే వినవచ్చే విమర్శ. మరోవైపు, ప్రవాసంలో మరణించినవారి భౌతికకాయాన్ని పంపడంలో, ప్రమాదంలో చిక్కిన విద్యార్థికి విరాళాలు పోగుచేయడంలో ముందు నిలిచేదీ ఈ సంఘాలే.

సిలికానాంధ్ర 2007లో ప్రారంభించిన మనబడి, వారాంతపు తరగతులతో అమెరికాలో పుట్టిన పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పుతోంది. దేవాలయాలు కూడా సమాజ కేంద్రాలయ్యాయి. 1970ల మధ్యలో మొదలైన పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయం వాటిలో పాతది.

స్త్రీలు, వృద్ధులు

ఆధారిత వీసాపై వెళ్లిన స్త్రీలలో ఇంజనీర్లు, వైద్యులు ఎందరో ఉన్నారు. అమెరికాలో హెచ్-4 అనే ఈ ఆధారిత వీసా గలవారికి 2015 వరకు ఉద్యోగ అనుమతే లేదు. ఆ ఏడాది నుంచి, గ్రీన్ కార్డు వరుసలో కొంత దూరం వచ్చినవారి జీవిత భాగస్వాములకు మాత్రం ఇచ్చారు. ప్రవాస వివాహాల్లో భార్యను వదిలేయడం, కట్నం వేధింపుల ఫిర్యాదులను జాతీయ మహిళా కమిషన్‌లోని ఎన్‌ఆర్‌ఐ విభాగం స్వీకరిస్తుంది. కువైట్‌లో ఇంటి పనికి వెళ్లిన స్త్రీల పరిస్థితి మరింత కఠినం. పని స్థలమూ నివాసమూ ఒకే ఇల్లు కావడంతో తోటివారు చూసే అవకాశం ఉండదు.

కాన్పు సమయంలో, మనవలను చూసుకోవడానికి తల్లిదండ్రులు సందర్శక వీసాపై ఆరేసి నెలలు వెళ్లి రావడం మధ్యతరగతి తెలుగు కుటుంబాల్లో మామూలైంది. తిరిగొచ్చాక వారు ఒంటరిగా మిగలడం, విజయవాడ, హైదరాబాద్ పరిసరాల్లో వృద్ధుల వసతి గృహాలు పెరగడం ఇదే వలసకు మరో ముఖం.

మోసాలు, రక్షణ

నకిలీ ఉద్యోగ పత్రాలు, విజిట్ వీసాపై పనికి పంపడం, చెప్పిన పని ఒకటైతే ఇచ్చేది ఒంటెల కాపలా కావడం గల్ఫ్ ఏజెంట్ల మోసాల్లో తరచుగా కనిపించేవి. విద్యార్థుల విషయంలో 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు దానిలో చేరిన వందలాది తెలుగు విద్యార్థులు చిక్కుల్లో పడ్డారు. అమెరికా వలస అధికారులే మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అనే బూటకపు విశ్వవిద్యాలయాన్ని నడిపి, చేరినవారిని 2019లో అరెస్టు చేశారు. వారిలో అత్యధికులు భారతీయులు, అందులో తెలుగువారు గణనీయంగా ఉన్నారు.

విదేశాల్లో ఆపదలో చిక్కినవారికి రాయబార కార్యాలయాలు 2009లో ఏర్పడిన భారతీయ సామాజిక సంక్షేమ నిధి నుంచి టికెట్టు, న్యాయ సహాయం, మృతదేహం తరలింపు ఖర్చు ఇవ్వగలవు. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం అందించాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. గల్ఫ్ కుటుంబాల సంఘాలు ఏళ్లుగా కోరుతూ వచ్చినది ఇదే.

తిరుగు వలస, ప్రభావం

తిరిగొచ్చినవారు తెచ్చిన మార్పు రంగాన్నిబట్టి మారుతుంది. అమెరికాలో వైద్యవృత్తి చేసిన ప్రతాప్ సి. రెడ్డి 1983లో చెన్నైలో అపోలో ఆసుపత్రిని, గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను నెలకొల్పారు. గల్ఫ్ నుంచి యాభై ఏళ్లు దాటాక వచ్చే కార్మికుడికి పింఛను ఉండదు. నేర్చిన పనికి ఊళ్లో గిరాకీ ఉండదు. కట్టిన ఇల్లే అతని పొదుపు.

విదేశాల నుంచి స్వదేశానికి వచ్చే సొమ్ములో భారతదేశం ప్రపంచంలో మొదటిది. ప్రపంచ బ్యాంకు లెక్కలో 2022లో అది పది వేల కోట్ల డాలర్లు దాటింది. కృష్ణా, గుంటూరు, గోదావరి పల్లెల్లో బడి భవనాలు, మంచినీటి శుద్ధి కేంద్రాలు ప్రవాసుల విరాళాలతో వెలిశాయి. అదే డబ్బు భూముల ధరలను స్థానిక రైతు అందుకోలేని స్థాయికి చేర్చింది. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో వచ్చిన సొమ్ములో పెద్ద భాగం అప్పు తీర్చడానికీ ఇల్లు కట్టడానికీ ఆడపిల్లల పెళ్లిళ్లకూ ఖర్చయి, పొలానికి తక్కువగా చేరింది.

రాజకీయ రంగంలో హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. ప్రవాసులైన భారత పౌరులకు 2010 సవరణతో ఓటరుగా నమోదయ్యే హక్కు వచ్చింది. ఓటు వేయడానికి మాత్రం స్వయంగా సొంత నియోజకవర్గానికి రావాలి. జగిత్యాల జిల్లా నుంచి దుబాయి వెళ్లిన కార్మికుడు పోలింగ్ రోజున టికెట్టు కొని రాలేడు కనుక, ఈ హక్కు ఎక్కువగా కాగితం మీదే ఉంది.

ఇవి కూడా చూడండి: కోరంగి రేవు, ఆప్రవాసీ ఘాట్, కఫాలా పద్ధతి, ఓసీఐ కార్డు, ప్రపంచ తెలుగు మహాసభలు